రెండు నెలల్లో రెట్టింపు

గొలుసుకట్టు మోసాల చరిత్ర – 6: అల్బేనియా, 1996–97

1996 శరత్కాలంలో తిరానా నగరమంతా కబేళాలా ఉండేదట. చుట్టుపక్కల పల్లెల రైతులు ఆవుల్నీ గొర్రెల్నీ రాజధానికి తోలుకొచ్చేవారు. ఎటు చూసినా పశువుల అరుపులు, గాలి నిండా నెత్తురు వాసన. ఆ రోజులు కళ్లారా చూసిన నగరవాసి ఒకరు తర్వాత చెప్పుకొన్న మాట ఇది. కరువొచ్చి గొడ్లను తెగనమ్ముకోవడం కాదది. ఆవును అమ్మిన సొమ్ము మర్నాడు తిన్నగా ఒక కంపెనీ కౌంటరులోకి పోయేది. మూడు నెలలు ఓపిక పడితే అదే డబ్బుతో మూడు ఆవులు కొనుక్కోవచ్చని రైతు లెక్క.

ఆ లెక్క ఎవరు నేర్పారు, అది ఎక్కడ తప్పింది, తప్పినందుకు ఆ దేశం ఏం చెల్లించుకుంది – ఈ వారం కథ అది.

గత వారం బోస్టన్‌లో ఛార్లెస్ పోంజీని చూశాం. 45 రోజుల్లో నూటికి యాభై లాభం ఇస్తానన్నాడు. 1920 ఆగస్టులో కుప్పకూలాడు. పోంజీ ముంచింది ఒక నగరాన్ని, దాని చుట్టుపక్కల ఊళ్లను. అల్బేనియాలో మునిగింది దేశం. జనాభాలో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఏదో ఒక కంపెనీలో డబ్బు పెట్టారు. ఆ కంపెనీల బాకీలన్నీ కలిపితే 1996 నవంబరు నాటికి 120 కోట్ల డాలర్లు. దేశం ఏడాది పొడవునా సంపాదించే దానిలో అది దాదాపు సగం. గొలుసుకట్టు మోసాల చరిత్రలో ఒక దేశం మొత్తం ఇంత లోతుగా కూరుకుపోవడం నాకు తెలిసి ఇంకెక్కడా లేదు.

అల్బేనియా చిన్న దేశం. తెలంగాణలో నాలుగో వంతు ఉంటుంది. ఏడ్రియాటిక్ సముద్రానికి ఇటు అల్బేనియా, అటు ఇటలీ. మదర్ థెరిసాది అల్బేనియన్ కుటుంబమే. తిరానా విమానాశ్రయానికి ఇప్పుడు ఆమె పేరే పెట్టుకున్నారు. 1944 నుంచి 1985లో చనిపోయేదాకా ఆ దేశాన్ని కమ్యూనిస్టు నేత ఎన్వెర్ హోజా ఏలాడు. మొదట యుగోస్లావియాతో, తర్వాత సోవియట్ యూనియన్‌తో, చివరికి చైనాతో కూడా తెగతెంపులు చేసుకుని దేశానికి తలుపులు బిడాయించాడు. ఎవరో దండెత్తి వస్తారన్న భయంతో ఊరూరా, చేలగట్ల మీద, సముద్రపు ఒడ్డున లక్షకు పైగా కాంక్రీటు బంకర్లు కట్టించాడు. 1967లో మతాన్ని నిషేధించాడు. సొంత కారు ఉండకూడదు. 1976 రాజ్యాంగమైతే విదేశాల నుంచి అప్పు తీసుకోవడాన్నే నిషేధించింది.

ఈ చివరి సంగతి దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అప్పు, వడ్డీ, వాటా, దివాలా – ఇవి మన పల్లెటూళ్లలో పదేళ్ల పిల్లవాడికి కూడా చెవిన పడే మాటలు. వడ్డీ వ్యాపారి చేతిలో పొలం పోగొట్టుకున్న తాత కథ ఏ ఇంట్లోనైనా ఉంటుంది. ఆ చేదు జ్ఞాపకమే మనకు కొంత కాపలా కాస్తుంది. అల్బేనియాలో రెండు తరాల జనానికి అటువంటి అనుభవం లేకుండా పోయింది. 1991లో పాత వ్యవస్థ కూలినప్పుడు వాళ్ల చేతికి స్వేచ్ఛ వచ్చింది, డబ్బు వచ్చింది. ఆ డబ్బుతో ఎలా మెలగాలో చెప్పే పెద్ద దిక్కు లేదు.

ఆ డబ్బు చాలావరకు వలస డబ్బు. 1991 ఆగస్టులో 'వ్లోర' అనే ఒకే ఒక్క ఓడ మీద దాదాపు 20,000 మంది ఎక్కి ఇటలీలోని బారి రేవుకు వెళ్లారు. కొమ్మల మీద పక్షుల్లా స్తంభాలకు, తాళ్లకు వేలాడుతున్న ఆ మనుషుల ఫోటో ప్రపంచమంతా చూసింది. ఆ గుంపులో చాలామందిని ఇటలీ వెనక్కి పంపింది. అయినా వలస ఆగలేదు. గ్రీసులో పొలం పనులు, ఇటలీలో మేస్త్రీ పనులు చేసి ఇంటికి పంపిన డబ్బుతో దేశం తిరిగి లేచింది. 1993 నుంచి మూడేళ్లపాటు యూరప్‌లో అంత వేగంగా పెరిగిన ఆర్థిక వ్యవస్థ మరొకటి లేదు. గల్ఫ్ డబ్బుతో మేడలు లేచిన పల్లెల్ని చూసినవారికి ఆ దృశ్యం కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఆ డబ్బు దాచుకోవడానికి మంచి చోటు లేదు. ఉన్నవి మూడు ప్రభుత్వ బ్యాంకులు. డిపాజిట్లలో తొంభై శాతం వాటిలోనే. ఇచ్చిన అప్పులు రాక అవి చితికిపోయాయి. అప్పు కావాలంటే ప్రైవేటు వడ్డీ వ్యాపారుల దగ్గరికి వెళ్లాల్సిందే. ఇలా పుట్టిన ప్రైవేటు అప్పుల సంస్థలను ప్రభుత్వం మొదట్లో మేలు చేసేవిగానే చూసింది. బ్యాంకులు చేయలేని పని ఇవి చేస్తున్నాయి కదా అనుకుంది.

జనం ఈ వ్యవహారాన్ని 'ఫైదె' అనేవారు. అల్బేనియన్ భాషలో ఆ మాటకు వడ్డీ వ్యాపారమని అర్థం. తుర్కుల పాలనలో వాళ్ల భాషలో చేరిన అరబీ మాట అది. అదే మాట ఉర్దూ మీదుగా మన దగ్గరికి 'ఫాయిదా'గా వచ్చింది. హైదరాబాద్‌లో ఇప్పటికీ బేరం దగ్గర వినిపిస్తుంది.

మొదటి హెచ్చరిక తొందరగానే వచ్చింది. 1991లో హైదిన్ సేదియా అనే వ్యాపారి తిరానా నడిబొడ్డున పెద్ద హోటలు కడతానని జనం దగ్గర డబ్బు పోగుచేశాడు. పునాదికని గొయ్యి తవ్వించాడు. తర్వాత ఆ డబ్బుతో స్విట్జర్లాండ్ చెక్కేశాడు. హోటలు రాలేదు, గొయ్యి మిగిలింది. దాన్ని ఏళ్ల తరబడి సేదియా గొయ్యి అనే పిలిచారు. రాజధాని మధ్యలో అందరూ రోజూ దాటుకుంటూ వెళ్లే గొయ్యి అది. అయినా ఎవరికీ పాఠం కాలేదు.

ఆ తర్వాత వచ్చిన కంపెనీలు రెండు రకాలు. వేఫా, గ్యల్లిత్స, కంబేరి వంటివాటికి కొంత ఆస్తి ఉంది. వేఫా అన్నిటికంటే పెద్దది. దాని యజమాని వెహ్బి అలిముచ పూర్వం సైన్యంలో పనిచేసినవాడు. సూపర్ మార్కెట్లు, హోటళ్లు, పెట్రోలు బంకులు చూపించి, లాభం వీటినుంచే వస్తోందని చెప్పేవాడు. ఆ ఆస్తులు నిజమే. కానీ ఇస్తున్న వడ్డీ పుట్టేంత వ్యాపారం వాటిలో లేదు. రెండో రకం సూదె, జఫేరి, పోపులి. వీటికి ఆస్తీ లేదు, వ్యాపారమూ లేదు. సూదె యజమానురాలు మక్సూదె కడేన ఒకప్పుడు బూట్ల ఫ్యాక్టరీలో కార్మికురాలు. పోపులి అంటే 'ప్రజ' అని అర్థం. అదీ జఫేరీ సేవా ఫౌండేషన్ల వేషంలో నడిచాయి. ఇక్కడ ధర్మం పేరే ముందు నిలబడింది.

ఇక వడ్డీల సంగతి. మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. ఆ లెక్కలోనే చూద్దాం. రెండు రూపాయలు మామూలు. మూడంటే ఎక్కువ. ఐదంటే తీసుకునేవాడే కాదు, ఇచ్చేవాడు కూడా అసలు తిరిగొస్తుందా అని జంకుతాడు. 1996 మొదట్లో అల్బేనియా కంపెనీలు ఇస్తున్నది నాలుగైదు రూపాయల వడ్డీ. మే నెలకు ఎనిమిది. జులైలో కంబేరి పది రూపాయలు చేసింది. సెప్టెంబరులో పోపులి ముప్పై దాటించింది. నవంబరులో జఫేరి మూడు నెలల్లో మూడింతలు ఇస్తానంది. దానికి పోటీగా సూదె రెండు నెలల్లో రెట్టింపు అంది. నెల లెక్కకు తెస్తే చివరి రెండూ నలభై రూపాయలు దాటిన వడ్డీలు, చక్రవడ్డీతో సహా.

వడ్డీ పెరుగుతుంటే కంపెనీ పుంజుకుంటోందని జనం అనుకున్నారు. జరుగుతున్నది దానికి సరిగ్గా తలకిందులు. ఎందుకో చిన్న లెక్క వేసి చూడండి. వందమంది తలా వెయ్యి వేశారు, నెలకు ముప్పై శాతం వడ్డీ. కంపెనీకి వేరే వ్యాపారం లేదు. వాళ్లకు మొదటి నెల వడ్డీ ఇవ్వాలంటే కొత్తగా ముప్పై మంది వచ్చి తలా వెయ్యి వెయ్యాలి. రెండో నెల నూట ముప్పై మందికి వడ్డీ ఇవ్వాలి కాబట్టి ముప్పై తొమ్మిది మంది కావాలి. ఇలా ఏడాది తిరిగేసరికి సభ్యులు 2,300 దాటాలి. రెండేళ్లకు 54,000. మూడేళ్లకు పన్నెండున్నర లక్షలు. ఇదంతా వడ్డీ ఒక్కటే ఇస్తే. ఒక్కరు కూడా అసలు వెనక్కి అడగకూడదు. వందమందితో మొదలుపెడితే ఇంత. అల్బేనియా జనాభా పసిపిల్లలతో కలిపి ముప్పై లక్షల పైచిలుకు. జఫేరి, పోపులి రెండూ కలిసి కొద్ది నెలల్లోనే దాదాపు 20 లక్షల డిపాజిట్‌దారులను పోగేశాయి. ఒకే మనిషి రెండు చోట్లా వేసి ఉండవచ్చు. అయినా చేరడానికి ఇంకా ఎవరు మిగిలారు?

కొత్తవాళ్లు తగ్గితే పాతవాళ్ల వడ్డీకి కటకట వస్తుంది. కొత్తవాళ్లను లాగడానికి కంపెనీ వడ్డీ పెంచుతుంది. పెంచిన వడ్డీతో వచ్చే నెల భారం ఇంకా పెరుగుతుంది. నాలుగు రూపాయల నుంచి నలభైకి ఎక్కిన ఆ మెట్లన్నీ కంపెనీలు మునిగిపోతూ పెట్టిన కేకలే. దానికితోడు 1995 చివర్లో యుగోస్లావియా మీద ఆంక్షలు సడలాయి. అప్పటిదాకా సరిహద్దు దాటించి పెట్రోలు అమ్ముకున్న దొంగవ్యాపారంలో కంపెనీలకు వస్తున్న లాభం ఎండిపోయింది. వడ్డీలు విపరీతంగా పెరగడం మొదలైంది ఆ తర్వాతే.

ఇక్కడ మన చీటీల గురించి ఒక మాట చెప్పకపోతే పాఠకులు రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు. మా అమ్మ పాతికేళ్లు చీటీలు కట్టింది. ఇరవై మంది, ఇరవై నెలలు. నెలనెలా పాట, పాడుకున్నవాళ్లు వదులుకున్న సొమ్ము మిగతావాళ్లకు కసరు. ఎవరెవరున్నారో అందరికీ తెలుసు, ఏ నెలలో ముగుస్తుందో తెలుసు. చీటీ నడిపేవాడు పారిపోవచ్చు, పాడుకున్నవాడు ఎగ్గొట్టవచ్చు, అది వేరే బాధ. అందరూ నిజాయితీగా ఉంటే చీటీ లెక్క సరిపోయి తీరుతుంది. గొలుసుకట్టు పథకంలో – దాన్నే పిరమిడ్ అంటారు – అందరూ నిజాయితీగా ఉన్నా లెక్క సరిపోదు. తేడా ఇక్కడుంది.

అల్బేనియన్లు తెలివితక్కువవాళ్లని, అత్యాశపరులని ఆ రోజుల్లో బయటి పత్రికలు రాశాయి. నేను ఒప్పుకోను. నెలల తరబడి కంపెనీలు చెప్పిన రోజుకు చెప్పిన డబ్బు ఇచ్చాయి. పక్కింటివాడు ఆ డబ్బుతో ఫ్రిజ్ కొన్నాడు, టీవీ కొన్నాడు. పెళ్లి చేశాడు. కళ్లెదుట కనిపించే దానికి మించిన సాక్ష్యం సామాన్యుడికి ఏం కావాలి? పైగా కంపెనీల ప్రకటనలు ప్రభుత్వ టీవీలో వచ్చేవి. పాలక పార్టీ ఎన్నికల ప్రచారానికి కంపెనీలు అండగా నిలిచాయి. 1996 నవంబరులో కూడా ఒక కంపెనీ వార్షికోత్సవంలో దేశ ప్రధానమంత్రి, పార్లమెంటు స్పీకరు పతకాలు అందుకున్నారు. దేశాన్ని ఏలేవారే వేదిక మీద ఉన్నప్పుడు, దశాబ్దాలుగా ప్రభుత్వం మాటే వేదంగా బతికిన రైతు దాన్ని పూచీ అనుకోకుండా ఎలా ఉంటాడు? కమ్యూనిస్టు కాలంలో అద్దెకున్న ఫ్లాట్లు కొద్దిపాటి ధరకే జనానికి సొంతమయ్యాయి. జీవితంలో మొదటిసారి చేతికొచ్చిన ఆ ఇల్లునే అమ్మి కంపెనీలో వేసినవాళ్లు ఎందరో. ఇల్లు కొన్నవాడికి అప్పగించేలోపు రెట్టింపు డబ్బు వస్తుందని, ఇంకా పెద్దది కొనుక్కుంటామని వాళ్ల ఆలోచన.

హెచ్చరించినవాళ్లు లేకపోలేదు. 1996 ఫిబ్రవరిలో వచ్చిన బ్యాంకింగ్ చట్టం, అనుమతి లేకుండా డిపాజిట్లు తీసుకునే సంస్థల్ని మూసేసే అధికారాన్ని దేశ కేంద్ర బ్యాంకుకు ఇచ్చింది. కేంద్ర బ్యాంకు ఆ అధికారం వాడబోతే ప్రభుత్వం వెనక నిలబడలేదు. అక్టోబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధి, ప్రపంచ బ్యాంకు బహిరంగంగానే చెప్పాయి, ఇవి పిరమిడ్లని. పత్రికలు వాటి మీదే విరుచుకుపడ్డాయి. మన కంపెనీలు బాగుపడుతుంటే బయటివాళ్లకు కంటగింపుగా ఉందన్నాయి. ప్రభుత్వం విచారణకు ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ ఒక్కసారి కూడా కూర్చోలేదు.

1996 నవంబరు 19న సూదె చెల్లింపులు ఆపేసింది.

ఆ మాట నెమ్మదిగా పాకింది. ఒకచోట ఆగితే మిగతా అన్నిచోట్లా జనం అసలు అడగడం మొదలుపెడతారు. డిసెంబరంతా వాయిదాలు, సాకులు. జనవరిలో సూదె ఐపీ పెట్టింది. ప్రభుత్వం అప్పుడు కదిలి జఫేరి, పోపులి కంపెనీలకు ప్రభుత్వ బ్యాంకుల్లో ఉన్న 25 కోట్ల డాలర్లను స్తంభింపజేసింది. పిరమిడ్ పథకాలను నిషేధిస్తూ ఆ నెలలోనే పార్లమెంటు చట్టం చేసింది. అయితే పిరమిడ్ అంటే ఏమిటో ఆ చట్టం నిర్వచించలేదు. వేఫా వంటివి, మావి వ్యాపార సంస్థలని చెప్పుకుని ఇంకా కొన్నాళ్లు నడిచాయి.

జఫేరి యజమానిది లుష్న్య అనే చిన్న ఊరు. అతన్ని అరెస్టు చేయగానే ఆ ఊరు ఎదురుతిరిగింది. జనాన్ని శాంతపరచమని ప్రభుత్వం ఉపప్రధాని, విదేశాంగ మంత్రి కూడా అయిన త్రితాన్ షేహును పంపింది. జనం ఆయన్ని స్టేడియంలో గంటల తరబడి నిర్బంధించి కొట్టారు. ఆ కోపం ముంచినవాడి మీద కాదు, అతన్ని పట్టుకున్న ప్రభుత్వం మీద. అతను బయట ఉంటే డబ్బు ఇచ్చేవాడని వాళ్లు ఇంకా నమ్ముతున్నారు. మోసపోయిన మనిషి చివరిదాకా వదలలేనిది ఆ నమ్మకాన్నే. అది కూడా పోతే చేతిలో ఇక ఏమీ ఉండదు.

ఫిబ్రవరి 5న గ్యల్లిత్స బోర్డు తిప్పేసింది. దాని పుట్టిల్లు దక్షిణాదిన ఉన్న రేవుపట్టణం వ్లోర. అక్కడ రోజూ ఊరేగింపులు. ఫిబ్రవరి 20న విశ్వవిద్యాలయ విద్యార్థులు నిరాహార దీక్షకు కూర్చున్నారు. 28న రహస్య పోలీసులకూ జనానికీ మధ్య కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. మార్చి 1న ప్రధాని రాజీనామా చేశారు. 2న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఆ మర్నాడే పార్లమెంటు సాలీ బెరీషాను రెండోసారి అధ్యక్షుడిగా ఎన్నుకుంది.

దాంతో దక్షిణం పూర్తిగా చేయి దాటింది. సైనికులు బ్యారక్‌లు వదిలి ఇళ్లకు పోయారు. హోజా కాలంలో దేశం నిండా పేర్చిన ఆయుధాగారాల తలుపులు తెరుచుకున్నాయి. లక్షల తుపాకులు ఇళ్లలోకి, వీధుల్లోకి వచ్చాయి. జైళ్లు ఖాళీ అయ్యాయి. దక్షిణాది ఊళ్లు సాయుధ కమిటీల చేతుల్లోకి, కొన్ని ముఠాల చేతుల్లోకి వెళ్లాయి. కొద్ది నెలల్లో సుమారు 2,000 మంది చనిపోయారు. వాళ్లలో అందరూ ప్రభుత్వంతో పోరాడుతూ పోలేదు. పాతకక్షలు తీర్చుకునేవాళ్ల చేతుల్లో కొందరు, గాలిలోకి పేల్చిన తూటాలు తగిలి కొందరు.

మళ్లీ పడవలు బయల్దేరాయి. మార్చి 28న 'కాతెర్ ఇ రాదెస్' అనే చిన్న ఓడ వ్లోర నుంచి ఇటలీ వైపు వెళుతోంది. దానిలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. వలసలను ఆపడానికి కాపు కాస్తున్న ఇటలీ నౌకాదళపు ఓడ దానికి తగిలింది. 80 మందికి పైగా మునిగిపోయారు. ఆవును అమ్మి కట్టిన డిపాజిట్ నుంచి సముద్రంలో మునిగిన ఆ పిల్లల దాకా అడ్డంగా ఎవరైనా నిలబడగలిగిన చోట్లు ఎన్నో ఉన్నాయి. ఒక్కచోటా ఎవరూ నిలబడలేదు. ఈ భాగం రాస్తున్నంతసేపూ నన్ను వదలని సంగతి అది.

ఏప్రిల్ మధ్యలో ఇటలీ నాయకత్వాన ఐక్యరాజ్యసమితి అనుమతితో దాదాపు 7,000 మంది విదేశీ సైనికులు దిగారు. జూన్ 29న ఎన్నికలు జరిగాయి. సోషలిస్టులు గెలిచారు, జులైలో బెరీషా దిగిపోయారు. ఆ ఏడాది ధరలు నలభై శాతం పెరిగాయి. వేఫా వంటి కంపెనీల లెక్కలు తేల్చడానికి విదేశీ ఆడిటర్లు వచ్చి తవ్వి చూశాక, చెప్పుకొన్న ఆస్తుల్లో మిగిలింది బాకీల ముందు చాలా కొద్దిగానే తేలింది.

సూదె చేతులెత్తేసిన రోజు నుంచి నిషేధ చట్టం దాకా రెండు నెలలు గడిచాయి. మూసేసే అధికారం చేతికొచ్చిన రోజు నుంచి లెక్కపెడితే దాదాపు ఏడాది. 1996 ఫిబ్రవరిలోనే మూసి ఉంటే వడ్డీ నాలుగైదు రూపాయల దగ్గరే ఆగేది, జఫేరి, పోపులి లక్షల మందిని చేర్చుకునేవి కావు, రైతుల గొడ్లు కొట్టాల్లోనే ఉండేవి. కంపెనీలు నడిపినవాళ్లు మోసగాళ్లే, అందులో రెండో మాట లేదు. కానీ అల్బేనియాలో జరిగిన దానికి నా లెక్కలో మొదటి ముద్దాయి, తెలిసి కూడా ఏడాదిపాటు నోరు మెదపని ప్రభుత్వం.

(సశేషం)

వచ్చే వారం: మన దేశంలో 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం